పసుపు పూసిన ఉప్పు టికెట్టు

మొన్న మా మనవడు పలాస స్టేషను దగ్గర సోడా కొట్టు పెట్టుకోవడానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. తెచ్చి దేవుడి పటం ముందు పెట్టి కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. వాడు కళ్ళు తెరిచేలోపు నేను ఆ కాగితం తీసి, వెనక్కి తిప్పి, కళ్ళజోడు తగిలించుకుని చదవడం మొదలుపెట్టాను.

"దండం ఎట్టుకోమంటే సదువుతావేటి మామ్మా?" అన్నాడు.

"ముందు సదువు. దండం ఎక్కడికీ పారిపోదు" అన్నాను. వెనకవైపు చివరి లైను వరకూ వాడిచేత పైకి చదివించేదాకా అన్నం పెట్టలేదు. చారు చల్లారిపోయింది. చల్లారితే ఏం, పుల్లపుల్లగా బాగానే ఉంటుంది.

అంత పట్టుదల ఎందుకో వాడికి చెప్పాను. ఇప్పుడు కాగితం మీద కూడా పెడుతున్నాను.

నేను భావనపాడు కోడలిగా వచ్చిన రెండో ఏటి మాట ఇది. నాకు ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. చిన్నప్పుడు టెక్కలిలో పాదిరీల మిషను బడికి రెండేళ్ళు వెళ్ళాను. ఒత్తులు కుదురుకుంటున్న సమయానికి ఇంట్లో పని ఉందని మాన్పించారు. ఆ రెండేళ్ళ చదువే మా వీధి మొత్తానికి ఉన్న చదువు.

ఆ రోజుల్లో ఉప్పు మీద సర్కారు పన్ను ఉండేది. బజారులో ఉప్పు కొని చేపలకి పట్టిస్తే మిగిలేది ఏమీ లేదు. అందుకని ఒడ్డున కొంత ఇసక నేలకి కంచె కట్టి సర్కారువారు ఒక యార్డు పెట్టారు. టికెట్టు అనే అనుమతి కాగితం ఉన్నవాళ్ళు తమ చేపల్ని ఆ కంచె లోపలికి తీసుకెళ్తే, ఉప్పు పండే నౌపడ కొఠార్ల నుంచి వచ్చిన ఉప్పు పన్ను లేకుండా కొలిచి ఇచ్చేవారు. చేపలు అక్కడే కోయాలి, అక్కడే తొట్లలో ఉప్పు పట్టాలి, అక్కడే ఎండబెట్టాలి. బయటికి చేప రావాలి గాని ఉప్పు రాకూడదు.

మా టికెట్టు మామగారి పేరున ఉండేది. ఆ టికెట్టే మా ఇంటి అన్నం. దాన్ని వెదురు గొట్టంలో చుట్టి, గొట్టం మూతికి గుడ్డ కుక్కి, వాసానికి వేలాడదీసేవారు. దసరాకి వల, తెడ్డు, కత్తిపీట వరసగా పెట్టి, వాటి పక్కన టికెట్టు పరిచి, మా అత్తగారు అన్నిటికీ పసుపు పూసి బొట్లు పెట్టేది. వలకి చిటికెడు, తెడ్డుకి చిటికెడు. టికెట్టుకి మాత్రం రెండు వైపులా, పెళ్ళికూతురి బుగ్గలకి పూసినట్టు దట్టంగా పూసేది. ముందువైపు మామగారి పేరు, నెంబరు పెద్ద అక్షరాల్లో ఉండబట్టి కొంచెం కనిపించేవి. వెనకవైపు చిన్న అక్షరాలు. ఎన్ని దసరాల పసుపో అది, పొరలు కట్టి ఎండి నెరలు విచ్చింది. వెనక ఏముందని నేనూ అడగలేదు. కొత్త కోడలు అడిగే మాట కాదనుకున్నాను. అది నా తెలివితక్కువ.

ఇక నా పొదుపు సంగతి. యార్డులో చేపల్ని తొట్టి నుంచి తీసేశాక అడుగున ఉప్పునీళ్ళు మిగిలేవి. సాయంత్రం బంట్రోతు వచ్చి, మా కళ్ళముందే ఆ నీళ్ళు ఇసకలో పారబోయించి, పైన కాలితో ఇసక కప్పేవాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది. చేతిలోంచి గింజ పడేస్తే అన్నం మానేయించే ఇంట్లో పుట్టినదాన్ని నేను. రోజూ ఒక కడివెడు ఉప్పు ఇసక తాగుతుంటే చూస్తూ ఎలా నిలబడను?

తొట్ల మీద మేం గోనెలు కప్పేవాళ్ళం. గోనెలు మావి, ఇంటి నుంచి తెచ్చుకున్నవి. రాత్రంతా తొట్టి మీదుండి అవి ఉప్పునీళ్ళు తాగి బరువెక్కేవి. ఒకనాడు ఉతుకుతానని ఒక గోనె ఇంటికి తెచ్చాను. ఉతికిన నీళ్ళు పారబోయబోయి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. పారబోయలేదు. గుడ్డలో వడకట్టి గంజిలో పోశాను.

మామగారు గంజి తాగి, "ఈ పూట బాగుంది" అన్నారు. అత్తగారు నన్ను పక్కకి పిలిచింది.

"ఒలే, ఉప్పు సట్టి నిన్ననే కాళీ అయిపోయింది గదా. గంజిలోకి ఎక్కడిదే?"

చెప్పాను. ఆవిడ నన్ను తెచ్చుకున్నాక మొదటిసారి నా వీపు మీద తట్టింది. "నా కొడుకు కోడల్ని తేనేదే, కొఠారు తెచ్చాడు" అంది.

అప్పటి నుంచి రోజుకో గోనె ఉతుక్కి వచ్చేది. అత్తగారికి నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి వీధిలో ఉన్న ఆడవాళ్ళందరికీ శుభ్రం మీద భక్తి పుట్టింది. సాయంత్రం యార్డు గేటులోంచి నెత్తిన తడి గోనెలతో వరసగా బయటికి వస్తుంటే, బంట్రోతు ముచ్చటపడి, "బావనపాడు ఆడోల్లంత సుబ్రమైనోల్లు జిల్లాలో నేరు" అనేవాడు.

పట్టించింది ఒక అన్నం మెతుకు. తర్వాత్తర్వాత మేం గోనెల్ని గంజి నీళ్ళలోనే జాడించేవాళ్ళం, వేరే నీళ్ళు ఎందుకు దండగ అని. ఒకరోజు టెక్కలి నుంచి యార్డు చూడడానికి ఉప్పుశాఖ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. మా తొట్టి దగ్గర ఆగి, గోనె ఎత్తి చూశారు. గోనెకి మెతుకులు అంటుకుని ఉన్నాయి. పక్క తొట్టి గోనె చూశారు. దానికీ మెతుకులే. దాని పక్కదానికి మెతుకులతో పాటు కరివేపాకు రెబ్బ.

ఆయన మా తడిగోనె ఒకటి కంచె మీద ఆరేయించి, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి గోనె కర్రలా బిగిసింది. దాన్ని ఒక కాగితం మీద దులిపించారు. తెల్లగా గుప్పెడు రాలింది.

"ఇదేమిటమ్మా?" అని అత్తగారిని అడిగారు.

"మేం తడి గోని అట్టికెల్లినాం బాబూ. అదంతా ఎండ సేసిన పని" అంది అత్తగారు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం నవ్వలేదు. "టికెట్టు తెండి" అన్నారు.

మామగారు ఇంటికి వెళ్ళి గొట్టం తెచ్చారు. టికెట్టు విప్పగానే పసుపు పొడి ఇన్‌స్పెక్టరుగారి కోటు మీద రాలింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని వెనక రూల్సు ఉన్నాయి. ఎవరైనా చదివారా?" అన్నారు. మళ్ళీ ఆయనే అడిగారు. "చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అత్తగారు నన్ను మోచేత్తో ముందుకి తోసింది. అప్పటికీ అది కోడలి గొప్ప చూపించుకోవడమే అనుకుంటోంది ఆవిడ. నేను గోటితో పసుపు గీకి, అందరి ముందూ కూడబలుక్కుని చదివాను. "యార్డులో ఇచ్చిన ఉప్పును ఏ రూపముననైనను వెలుపలికి తీసికొనిపోరాదు." ఏ రూపముననైనను అన్నచోట ఆగి మళ్ళీ చదివాను. తడి కూడా ఒక రూపమే కదా.

"టికెట్టు రద్దు చేయాలని పైకి రాస్తాను" అని ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మామగారు ఇసకలో కూలబడ్డారు. గాలివానలో పడవ తిరగబడినా కూలబడని మనిషి. "టికట్టు పోతే పడవ అమ్మీడమే" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, టికెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఆరిన పసుపుని మెల్లగా గోటితో లేపుతూ పొడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. తడి తగలనివ్వలేదు, అక్షరాలు పోతాయని. రెండో రూలు దొరికింది. మూడోది దొరికింది. "టికెట్టుదారు తన మనుషులు చేసిన పనికి తానే జవాబుదారు." తప్పంతా నాదని రాసిచ్చి మామగారిని బయట పడేద్దామని అప్పటిదాకా ఆలోచించాను. ఆ రూలు నా దారి మూసేసింది. పేరు ఎవరిదో తప్పు వాళ్ళదే.

అన్నిటికంటే అడుగున, పసుపు మరీ మందంగా ఉన్నచోట చివరి లైను. "రద్దు చేయుటకు ముందు టికెట్టుదారు ఏడు దినములలో వ్రాతమూలకముగా సంజాయిషీ ఇచ్చుకొనవచ్చును."

దాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత లేచి మామగారికి గంజి పోసి, అది చదివి వినిపించాను.

"అంటే ఏటి?" అన్నారు.

"మనం సెప్పింది ఇనకుండా తీసీకూడదట మావా. ఏడ్రోజుల్లో రాసివ్వాల."

"అయితే రాసీ" అంది అత్తగారు వెంటనే. "మెతుకులు కాకి ఏసిందని రాసీ."

"కరేపాకు కూడా కాకే ఏసి, గంజి కూడా అదే కాసిందని రాయమను" అన్నారు మామగారు. నిన్నటి నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. మా అత్తగారు మూతి ముడుచుకుంది గాని, నాకు కొండంత ధైర్యం వచ్చింది.

కాగితం ఒక్కటే ఉంది, కొట్టులో కొన్నది. కాబట్టి ముందు పాత పంచాంగం అంచుల మీద రాసి చూసుకున్నాను. జరిగింది జరిగినట్టు రాశాను. గోనెలు మావే గాని వాటిలోని ఉప్పు మాది కాదు, అది మాకు తెలియలేదు, తెలియకపోవడం కూడా మా తప్పే, చదువుకోవలసిన కాగితానికి పసుపు పూశాం అని రాశాను. ఇక ముందు ఏం చేస్తామో రాశాను. యార్డు గేటు పక్కన లోపలే ఒక తొట్టి పెట్టుకుంటాం. గోనెలు అందులో జాడించి, ఉప్పు వదిలాకే బయటికి తెస్తాం. ఆ జాడించిన నీళ్ళు యార్డులోనే మర్నాటి చేపలకి మొదటి తడిగా పోస్తాం. ఉప్పు చేపకే వెళ్తుంది, కంచె దాటదు. దీనికి అడ్డు చెప్పే రూలు ఏదీ నాకు కనపడలేదు, ఉంటే చెప్పండి, అని రాశాను. ఈ చివరి మాట మరీ పొగరుగా ఉందేమో అనిపించింది. అయినా కొట్టెయ్యలేదు.

మామగారి ముందు కాగితం పెట్టి, బొటనవేలికి మసి రాయబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"సదువు ముందు. సదివినాకే ఏలు."

పుట్టినప్పటి నుంచి ఎవరు ఏ కాగితం పెట్టినా వేలిముద్ర వేసిన మనిషి. రెండుసార్లు చదివించుకున్నారు. ఒకచోట, "మా కోడలు అని ఎందుకు? మావాల్లు అని ఎట్టు" అని మార్పించారు. ఆ తర్వాత వేలు వేశారు. నకలు మా దగ్గరే పంచాంగం అంచుల మీద ఉండిపోయింది. కాగితం పట్టుకుని ఆయనే టెక్కలి నడిచి వెళ్ళి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని వచ్చారు. అలా ముద్ర అడగమని నేనే చెప్పాను.

పది రోజులు పోయాక ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. యార్డులో అందరం చేతుల్లో పని ఆపేశాం. ఆయన మా కాగితం మడత విప్పి, "ఇది రాసిందెవరు?" అన్నారు. నేను కొంగు సర్దుకుని ముందుకి వచ్చాను.

"ఈ గేటు దగ్గర తొట్టి పెట్టుకోండి. ఈసారికి హెచ్చరిక మాత్రమే. టికెట్టు ఉంటుంది" అన్నారు.

మామగారు వంగి దండం పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళబోతూ ఆగి, అత్తగారి వైపు తిరిగారు. "ఒక్క మాట. ఆ గోనె నీళ్ళ గంజి ఎలా ఉండేది?"

"సేప వోసనొచ్చీది బాబూ" అంది అత్తగారు నిజాయితీగా. "కూర కరుసు కూడా కలిసొచ్చీది."

అప్పుడు నవ్వారాయన. కోటు గుండీలు అదిరేలా నవ్వారు. బంట్రోతు నవ్వాడు, మామగారు నవ్వారు, కంచె పొడుగునా ఆడవాళ్ళు కత్తిపీటలు వదిలి కడుపులు పట్టుకున్నారు. అత్తగారికి మాత్రం అందులో నవ్వే మాటేమిటో చివరిదాకా తెలియలేదు.

తొట్టి పెట్టాం. గోనెల్లోని ఉప్పు చేపలకే వెళ్తుంటే, మేం కొలిపించుకునే ఉప్పు కూడా తగ్గింది. ఇంట్లోకి మాత్రం బజారు ఉప్పే కొన్నాం. అది కొన్నప్పుడల్లా అత్తగారు చిటికెడు నాలిక మీద వేసుకుని, "రుసి నేదు" అనేది.

ఆ ఏడు దసరాకి వీధిలోని టికెట్టుదారులంతా గొట్టాలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. ఒక్కొక్కరి టికెట్టూ తీసి, వెనకవైపు పసుపు దులిపి, పైకి చదివి వినిపించాను. అన్నిటిలోనూ ఒకే రూల్సు, అయినా ఎవరిది వాళ్ళకి విడిగా చదవాలన్నారు. చదివాను. పూజ ఆలస్యమైంది.

చివర్లో అత్తగారు పసుపు గిన్నె పట్టుకుని నిలబడి, మా టికెట్టు వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. నేను టికెట్టు చుట్టి గొట్టంలో పెట్టేశాను.

"గొట్టానికి రూల్లున్నాయేటే?" అంది.

"నేవు అత్తా."

"అయితే ఇటు తే" అని గొట్టం లాక్కుని, ఈ చివర నుంచి ఆ చివరదాకా వెదురు కనపడకుండా పసుపు పూసి, తొమ్మిది బొట్లు పెట్టింది.