మధ్యాహ్నం వెనక్కి తీసుకున్న అంచనా

1964 ఏప్రిల్‌లో నన్ను నౌకాదళంలో ఒక ఫ్రిగేట్ మీద వాతావరణ సహాయకుడిగా వేశారు. ఫ్రిగేట్ అంటే సబ్‌మెరైన్లను వేటాడే యుద్ధనౌక. నా హోదా లీడింగ్ సీమన్, సామాన్య నావికుడికి ఒక మెట్టు పైన. బడిలో చదివింది ఎస్.ఎస్.ఎల్.సి. దాకానే. శబ్దం గురించీ సముద్రం గురించీ తెలిసిందంతా గుంటూరు బ్రాడీపేటలో ఒక గ్రంథాలయం బల్ల మీద నేర్చుకున్నదే. అది చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.

రోజూ ఉదయం సముద్రపు నీటి వేడి కొలవడం నా పని. చేతిపొడవు ఇత్తడి గొట్టాన్ని తీగతో నీళ్లలోకి దించితే, ఏ లోతున ఎంత వేడి ఉందో లోపలి సూది మసి పట్టించిన గాజుపలక మీద గీస్తుంది. ఆ గీతనూ, వీచబోయే గాలినీ బట్టి మా సోనార్ ఎంత దూరం వినగలదో రాసి, సంతకం పెట్టి కెప్టెన్‌గారికి ఇవ్వాలి. సోనార్ నీళ్లలోకి శబ్దం పంపి, సబ్‌మెరైన్‌కు తగిలి తిరిగొచ్చే ఎకోను వింటుంది.

ఆ నెలలోనే యుద్ధ విన్యాసం వచ్చింది. నిజాంపట్నానికి ఆగ్నేయాన సముద్రంలో ఒక నూనె ఓడను మా ఫ్రిగేటూ ఇంకో ఫ్రిగేటూ కాపాడుతూ తీసుకెళ్లాలి. మనకప్పటికి సొంత సబ్‌మెరైన్లు లేవు కనుక, మధ్యాహ్నం రెండు దాటాక ఒక విదేశీ సబ్‌మెరైన్ ఎప్పుడైనా ఉత్తుత్తి దాడి చేస్తుంది. ఉదయం గీత నిటారుగా ఉంది. అంటే పై నీరంతా ఒకే వేడి. గాలి సాయంత్రం దాకా వీచి నీటిని కలుపుతూనే ఉంటుందని నమ్మి, నాలుగు వేల గజాలు వినబడుతుందని రాసిచ్చాను. రెండు ఫ్రిగేట్ల మధ్య ఎడం ఆ కాగితాన్నిబట్టే పెట్టారు.

పదింటికి గాలి పడిపోయింది. నేను పట్టించుకోలేదు.

పన్నెండున్నరకు సోనార్ గదిలోంచి మస్తాన్ వచ్చాడు. కనిగిరివాడు, మా ఓడలో అందరికంటే మంచి చెవి అతనిది.

"ఏరా లైబ్రరీ పంతులూ, నాలుగు వేలన్నావు! మూడు వేల గజాల్లో ఉన్న నూనె ఓడ మీదికి శబ్దం వదిలితే పొద్దున ఎకో గంట కొట్టినట్టొచ్చింది. ఇప్పుడు సడీ లేదు. మిట్టమధ్యాహ్నం మిరప కల్లంలో కేకేసినట్టుంది. ఈ చివర అరిస్తే ఆ చివరోడికి వినబడి చస్తేనా!"

కల్లం అనగానే నాకు వెలిగింది. శబ్దం వేడిని వదిలి చల్లదనం వైపు వంగుతుందని చదివాను. కల్లంలో వేడి కింద ఉంటుంది, కేక పైకి పోతుంది. గాలి లేని సముద్రంలో ఎండకు పై నీరు కాగితే మా శబ్దం కిందికి పోతుంది. పుస్తకం నా తలలోనే ఉంది, కల్లం మా ఇంటి వెనకే ఉండేది. రెండింటినీ కలపడానికి మస్తాన్ కావలసొచ్చాడు.

పరుగున వెళ్లి గొట్టం మళ్లీ దించాను. గీత పైభాగం పక్కకు వంగి ఉంది. లెక్క వేస్తే పదిహేను వందల గజాలు తేలింది. అది కొత్త కాగితం మీద రాశాను.

ఆ వేసవిలో నా పేరు పై మెట్టుకు, పెట్టీ ఆఫీసర్ ప్రమోషన్‌కు వెళ్లాలి. పంపవలసింది కెప్టెన్‌గారే.

"గాలి మోసం చేసిందని చెప్పరా," అన్నాడు మస్తాన్.

"గాలి పడి రెండున్నర గంటలైంది. చూడనిది నేను."

"అయితే పో, చావు. తొందరగా పో!"

తప్పు నాదేనని చెప్పి ఇస్తే, కెప్టెన్‌గారు కాగితాలు రెండూ చూసి ఒక్కటే అడిగారు, ఎంత దూరం దాటితే మనకు చెవుడని. పదిహేను వందలన్నాను. రెండో ఫ్రిగేట్‌ను దగ్గరికి పిలిపించారు. దానితో నూనె ఓడ పక్కలు ఖాళీ అవుతాయి కనుక, మొత్తం దారిని నిజాంపట్నం దగ్గరి లోతు తక్కువ నీళ్ల అంచుకు మళ్లించారు. ఆ లోతులో పడమటి నుంచి సబ్‌మెరైన్ మునిగి రావడానికి వీల్లేదు. ఇక కాయవలసింది తూర్పు వైపే.

మూడింటికి పది నిమిషాలుండగా సోనార్ గదిలోంచి మస్తాన్ కేక. "దొరికాడ్రోయ్!"

పన్నెండు వందల గజాలు. సరిగ్గా రెండు ఫ్రిగేట్ల నడుమ. ఉదయం పెట్టిన ఎడమే ఉంటే అక్కడ మా ఇద్దరికీ ఏమీ వినబడేది కాదు.

కెప్టెన్‌గారు నా రికార్డులో రెండూ రాశారు: ఉదయపు తప్పు, మధ్యాహ్నపు దిద్దుబాటు. ప్రమోషన్ ఏడాది ఆలస్యంగా వచ్చింది. అంచనా కట్టేవాడు అది ఏ క్షణాన చెల్లకుండా పోతుందో కూడా చెప్పాలని ఆ రోజు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి కాగితం మీదా సంతకం కింద ఒక వాక్యం రాసేవాణ్ణి: "గాలి పడితే ఇది చించేయండి, నన్ను పిలవండి."