పెద్దనాయనకు ఇచ్చిన ఊరి చరిత్ర

మొన్న అనంతపురంలో పుస్తకాల అంగడాయన నన్ను గుర్తుపట్టి, "ఏమప్పా, ఈ దసరాకు ఊరి చరిత్రలు ఎవురికీ ఇవ్వవా? రంగు కాగితం చుట్టిస్తా" అన్నాడు. వద్దన్నాను. చరిత్రకు రంగు కాగితం చుట్టి ఇస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఒకసారి చూశాను.

మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. మా పెద్దనాయనకు వంశచరిత్ర పిచ్చి. మూడేళ్ళకోసారి, ఒకప్పుడు ఎద్దు మీద, ఇప్పుడు మోపెడ్ మీద, వంశం చెప్పే ఆయన మా ఇంటికి వస్తాడు. అరుగు మీద కూర్చుని ఏడు తరాల పేర్లు రాగం తీసి చదివి, శనక్కాయల మూట కట్టించుకుని పోతాడు. పెద్దనాయన కళ్ళు మూసుకుని వింటాడు. ఆ పాటలో ఒక్క ఆడమనిషి పేరూ రాదు. మా వంశంలో మగవాళ్ళు మగవాళ్ళకే పుట్టారని నేను చాలాకాలం నమ్మాను. మా ముత్తాత ఊరిబావి తవ్వించాడనే చరణం దగ్గర మాత్రం పెద్దనాయన కళ్ళు తెరిచి, అందరూ విన్నారో లేదోనని చుట్టూ చూసేవాడు.

నాలుగేళ్ళ కిందట ఆ బావికి పూడిక తీసి, తవ్వించినవాళ్ళ పేరు రాయి మీద చెక్కిద్దామన్నారు. పండగ తర్వాతి సోమవారానికి పేరు రాసివ్వమని సర్పంచ్ పెద్దనాయననే అడిగాడు. సరిగ్గా ఆ దసరాకే, రిటైరైన హెడ్మాస్టరొకాయన మా చుట్టుపక్కల పల్లెల మీద రాసిన పుస్తకం రంగు కాగితం చుట్టించి పెద్దనాయనకు ఇచ్చాను. పెద్దనాయన అట్ట చూడలేదు, నన్ను చూశాడు.

"ఎవురు ఇమ్మన్నారురా దీన్ని? నీకేం కావల్ల, చేన్లో భాగమా?"

"ఆ చేన్లో పండేది రాళ్ళే కదా పెద్దనాయనా, మోయలేను" అన్నాను.

మధ్యాహ్నానికి మా ఊరి పేజీ దొరికింది. ముత్తాత కరువులో బళ్ళారికి కూలికి పోయాడట. బావి తవ్వించింది ఆయన భార్యట, వెండి కడియాలు అమ్మి. పెద్దనాయన ముఖం నల్లబడింది. మొదటి అనుమానం నా మీద. రెండోది మాతో మూడు తరాలుగా మాట్లాడని ఎదురింటివాళ్ళ మీద. వాళ్ళే హెడ్మాస్టరుకు కోళ్ళు కోసిపెట్టి రాయించారన్నాడు. పాపం వాళ్ళు మాంసం ముట్టరు. ఆ మాట చెబితే, "అదే, అందుకే అనుమానం రాకూడదని వాళ్ళను ఎంచుకున్నారు" అన్నాడు. ఎవరు ఎంచుకున్నారో ఆయనకూ తెలియదు.

పెద్దనాయన అమ్మ, అంటే మా అవ్వ, పక్కనే కూర్చుని శనక్కాయలు వొలుస్తూ ఉంది.

ఆదివారం పెద్దనాయన నా బండి వెనక ఎక్కి రాయదుర్గం పోయి హెడ్మాస్టరు తలుపు కొట్టాడు. "ఎవురు సార్ మీకీ మాట చెప్పింది? పేరు చెప్పండి, చాలు."

ఆయన తొందరపడకుండా పాత నోటుబుక్కు తీసి పేజీ చూపించాడు. "మీ ఇంటికే వచ్చింటినప్పా. నువ్వు ఆపొద్దు సంతకు పోయింటివి. మీ అమ్మ చెప్పె."

తిరుగుదారిలో నాకు జోకు తట్టలేదు, అది నా జీవితంలో అరుదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అవ్వ ముందు నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పల్యామ్మా ఇన్నేండ్లు?"

అవ్వ చేతిలోని కాయ పగలగొట్టి పప్పు చాటలో వేసింది. "నువ్వు అడిగింటే కదరా. నాయన పేరేమి, తాత పేరేమి, వాళ్ళ నాయన పేరేమి అంటివి. మా అత్త పేరు ఏపొద్దన్నా అడిగితివా? బాయి కాడ నిలబడి మన్ను మోసింది ఆయమ్మ. ఆ సారు అడిగినాడు, చెప్పినా."

పెద్దనాయన వంశం పేర్లు రాసుకున్న తన నోటుబుక్కు తీసి తిప్పాడు. ఏడు తరాలు, అన్నీ మీసాలే. చివరికి అవ్వ పక్కన కింద కూర్చుని, "ఆయమ్మ పేరేమిమా?" అన్నాడు. తన నాయనను కన్న సొంత జేజి పేరు!

సోమవారం సర్పంచుకు ఆ పేరే ఇచ్చాడు. రాయి చెక్కేటప్పుడు మాత్రం, ఎదురింటివాళ్ళు రాత్రికి రాత్రి మార్పిస్తారేమోనని పనివాడి పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు.

అందుకే ఈసారి పుస్తకం కొనలేదు. తెల్ల నోటుబుక్కొకటి కొని అవ్వ ముందు కూర్చున్నాను. "ఏమిరా, నీకేం కావల్ల?" అంది కళ్ళు చిన్నవి చేసి. మా వంశంలో ఏడు తరాలుగా చెక్కుచెదరకుండా వస్తున్నది ఈ అనుమానమేనేమో. పెన్ను తెరిచాను. ఒక పేరు ఎవరైనా అడుగుతారేమోనని, శనక్కాయలు వొలుస్తూ అవ్వ ఎన్నేళ్ళు ఎదురుచూసిందో మరి. ఆ కాలం ఏ వంశావళిలోనూ లేదు.