పార్టీ పేరు లేని ఓటు కాగితం

మా చిన్నాయన పోయాడని నాకు చెప్పింది ఒక అమెరికన్. పోయిన నెల, ఒక మంగళవారం, పదకొండు గంటల వేళ. కువైట్‌లోని అల్ రాయ్‌లో మా షెడ్డులో కారు తలుపుకు లప్పం రాస్తున్నాను. చిన్నాయన నంబరు నుంచే ఫోన్ వచ్చింది, గొంతు మాత్రం ఆయనది కాదు. ఒక్కొక్క మాటే విడదీసి, నాకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెబుతున్నాడు. షుఐబాలో ప్లాంటు బయట, కారులోనే, స్టీరింగు ముందు కూర్చునే పోయాడట. ఫోన్ చేసింది చిన్నాయన కారులో రోజూ తిరిగే ఇంజనీరే. తను మీటింగు ముగించుకొని వచ్చి అద్దం మీద కొడితే కదల్లేదట. అంబులెన్సు వాళ్ళు చూసి గుండె ఆగిపోయిందన్నారట.

నాకు ముందు ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది. ఆ ఫోను ఇతనికి ఎవరు తెరిచి ఇచ్చారు? దాని కోడు నాకే తెలియదు కదా? ఇతను ఇంత మెల్లగా మాట్లాడడంలో ఏదైనా దాస్తున్నాడా? ఇవన్నీ అయ్యాకే దుఃఖం వచ్చింది. పదమూడేళ్ళు ఆయన పక్క మంచం మీద పడుకున్నవాడికి అబ్బిన బుద్ధి అది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఇద్దరిదీ రాయచోటి వైపు, ఊళ్ళు వేరు. మహబూలాలో నేను గదిలోకి దిగిన రోజు పేరు పెట్టి పిలవబోతే, "నన్ను చిన్నాయనా అను, సాలు. పేరు ఎంత తక్కువ మంది నోట్లో పడితే అంత మంచిది" అన్నాడు. అప్పటి నుంచి ఆయన నాకూ, ఆ ఫ్లాటులో ఉన్న మా వైపు వాళ్ళందరికీ చిన్నాయనే.

ఆయన అనుమానం ఊరికే పోయేది కాదు. గదిలో ఎప్పుడూ తలుపుకు ఎదురుగా కూర్చునేవాడు. ఎవరు టీ పోసినా తాగేవాడు కాదు, తన గ్లాసు తనే కడుక్కొని తనే పోసుకునేవాడు. అరబీలో ఉన్న ఏ కాగితాన్నైనా ఇద్దరి చేత చదివించేవాడు. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం ఉండకూడదు. మేమంతా నవ్వేవాళ్ళం. నేను వచ్చిన రెండో ఏట, అప్పట్లో నేను పనిచేసే షెడ్డు యజమాని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ కోసమని ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. చిన్నాయన దాన్ని నా చేతిలోంచి లాక్కొని, ఒక ఈజిప్టు దర్జీకి చూపించాడు, తర్వాత ఒక సిరియా మంగలికి చూపించాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. నేను ఎడారిలో గొర్రెలు కాసే పనికి మారడానికి ఇష్టపడుతున్నానని అందులో రాసి ఉంది. ఆ రోజు నుంచి నేను నవ్వడం మానేశాను.

ఈ బుద్ధి ఎక్కడిదో ఆయన ఒకే ఒక్కసారి చెప్పాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన ఒక పార్టీ తరఫున పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చున్నాడు. ఏ పార్టీయో చెప్పలేదు. ఆ పార్టీ ఓడింది. "ఓట్లు లెక్కబెట్టిన మర్నాడు మా ఇంటికొచ్చే నీళ్ళ పైపు కోసేసినారు రా. కోసినోడు మా పక్కింటోడే. ఆ పొద్దన మా ఇంట్లోనే టీ తాగిపోయినాడు" అన్నాడు. మూడు నెలలు ఆడవాళ్ళు పొలం బోరు నుంచి బిందెలు మోశారు. నాలుగో నెలలో ఆయన కువైట్ విమానం ఎక్కాడు.

ఆ అమెరికన్ ఇంజనీరును రోజూ మహబూలా నుంచి షుఐబాకు తీసుకెళ్ళి తీసుకురావడం చిన్నాయన ఉద్యోగం. ఇంజనీరుది నెబ్రాస్కా అనే రాష్ట్రం. ఒకసారి వాళ్ళ ఎన్నికలప్పుడు ఆయన ఓటు కాగితాన్ని ప్రింటు తీసుకొని, కారు వెనక సీట్లో కూర్చొని నింపుతున్నాడట. చిన్నాయన అద్దంలోంచి చూసి, ఉండబట్టలేక అడిగి చేతిలోకి తీసుకున్నాడు. సాయంత్రం గదికి వచ్చీ రాగానే మొదలుపెట్టాడు.

"ఒరే, గవర్నరు పేరు పక్కన పార్టీ రాసిండాది. వాళ్ళ రాష్ట్రం ఎమ్మెల్యేల పేర్ల పక్కన ఏమీ లేదు. పేర్లే. ఒట్టి పేర్లే!"

"ఉంటే ఉండనీ చిన్నాయనా."

"ఎట్ల ఉంటాదిరా? పార్టీ లేకుండా ఎవరన్నా ఓటు అడుగుతారా? ఏదో దాపరికం ఉండాది. కనుక్కుంటా."

కనుక్కోవడానికి నాలుగేళ్ళు పట్టింది. రోజుకొక ప్రశ్న. వచ్చీరాని ఇంగ్లీషులో ప్రశ్న కూడబలుక్కొని, పొద్దున కారులో అడిగి, జవాబు సాయంత్రం మాకు తెచ్చేవాడు. ఆ శాసనసభకు నిలబడే వాళ్ళ పార్టీ ఓటు కాగితం మీద ఉండదనేది చట్టమేనట. మరి ఎవరు ఏ పార్టీయో జనానికి తెలియదా అని అడిగితే, అందరికీ తెలుసని ఇంజనీరు నవ్వాడట. ఆ రోజు చిన్నాయన గెలిచినవాడిలా వచ్చాడు. "చూసినావా! అందరికీ తెలుసంట. కాగితం మీద మాత్రం ఉండదంట. నేను చెప్పలే?"

ఇంకోసారి, అమెరికాలో మిగతా రాష్ట్రాలన్నిటికీ రెండు సభలుంటే వీళ్ళకు ఒక్కటే ఉందని తెలిసింది. రెండో సభ లేకపోతే మొదటి సభను ఎవరు కనిపెట్టుకొని ఉంటారని చిన్నాయన నిలదీశాడు. ప్రజలే అని చెప్పాడట ఇంజనీరు. ప్రతి బిల్లు మీదా బహిరంగంగా విచారణ పెట్టాలి, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు.

"ఎవరైనా అంటే? డ్రైవరు కూడానా?"

డ్రైవరు కూడా అన్నాడట. చిన్నాయన నమ్మలేదు. ఒక మధ్యాహ్నం ఇంజనీరు కారు ఆపించి, ఫోనులో ఆ విచారణ వీడియో ఒకటి పెట్టి చూపించాడు. టోపీ పెట్టుకున్న రైతు ఒకాయన బల్ల ముందు కూర్చొని ఏదో మాట్లాడుతున్నాడు. ఎదురుగా సభ్యులు వింటున్నారు, ఒకామె రాసుకుంటోంది. ఆ వీడియో తర్వాత మేమూ చూశాం. మాటలు ఎవరికీ సరిగా అర్థం కాలేదు. చిన్నాయన మాటల కోసం చూడలేదు కూడా. రైతు లేచి తలుపు దాటే దాకా రెప్ప వేయకుండా చూసి, మెల్లగా అన్నాడు. "చెప్పాల్సింది చెప్పి పోయినాడు. ఆయన ఎనకాల ఎవరూ లేచి పోలేదు."

మా బిల్డింగులో ఉన్న తెలుగువాళ్ళకు అప్పటికే ఒక కమిటీ ఉండేది. ఎవరికైనా జబ్బు చేస్తే, వీసా ఇచ్చిన కఫీల్‌తో తగాదా వస్తే, ఎంబసీకి పోవాల్సి వస్తే తోడు పోవడానికి. ఊళ్ళో ఉన్న రెండు పార్టీలూ మాతోపాటే విమానం ఎక్కి వచ్చాయి కాబట్టి ఆ కమిటీ కూడా రెండైంది. మనిషి కష్టం కంటే ముందు మనిషి పార్టీ ఏదో అడిగేవారు. చిన్నాయన ఒక శుక్రవారం అందరి ముందూ లేచి, రెండు కమిటీలూ తీసేద్దామన్నాడు. ఒట్టి పేర్లు రాసి ఐదుగురిని ఎన్నుకుందాం, పార్టీ మాట ఎత్తకూడదు, ఏ సంగతి తేల్చాలన్నా అందరి ఎదురుగానే తేల్చాలి, కష్టం ఉన్నవాళ్ళే మాట్లాడాలి.

మా మెస్సులో వంట చేసే జగిత్యాల అన్న గరిటె పక్కన పెట్టి అడిగాడు. "మంచిగనే ఉన్నది కాకా. గని గిదంతా నీతోని ఎవరు చెప్పిస్తున్నరు?"

ఆయన పైకి అన్నాడు, మిగతావాళ్ళు లోపల అనుకున్నారు. అన్నిటినీ అనుమానించిన మనిషిని అందరూ అనుమానించారు. ఓడిపోయిన పార్టీ ఈయన్ని దించిందని ఒకరు, గెలిచినవాళ్ళే అమెరికన్ ద్వారా చేయిస్తున్నారని ఇంకొకరు. నేను తిరిగే పార్టీకి ఇక్కడ పెద్దగా ఉన్నాయన నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు పక్క మంచంలోనే కదా ఉండేది. ఆయప్ప ఎవరి మనిషో తేల్చు."

తేలుస్తానని చెప్పాను. గొర్రెల దగ్గరికి పోకుండా నన్ను ఆపిన మనిషి పెట్టెను, ఆయన డ్యూటీలో ఉండగా తెరిచాను.

కండువా లేదు, సభ్యత్వం కార్డు లేదు. బట్టల కింద ఆ నెబ్రాస్కా ఓటు కాగితం నకలు ఒకటి, ఒక చిన్న నోటు పుస్తకం. పుస్తకం నిండా ఇంజనీరును అడగాల్సిన ప్రశ్నలు, కింద జవాబులు. ఒక పేజీలో ఇలా ఉంది: "ఓడిపోయినోళ్ళ ఇంటికి నీళ్ళు వస్తాయా?" దాని కింద, "వస్తాయంట. నవ్వినాడు. ఎందుకు నవ్వినాడో కనుక్కోవాల." ఇంకా కింద, వేరే సిరాతో, "నా ప్రశ్న అర్థం కాలేదంట. అట్ల ఎవరూ చెయ్యరంట. ఈ మాట నమ్మొచ్చు అనుకుంటా."

పుస్తకం మూసి ఎక్కడిది అక్కడ పెట్టేశాను. ఏమీ దొరకలేదని మా పెద్దకు చెబితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అప్పటి నుంచి ఆయనకు నా మీద కూడా అనుమానమే. ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నాయన తల ఎత్తకుండా అన్నాడు. "పెట్టె మూత సరిగ్గా పడలేదురా." అంతే. ఆ వారంలోనే తన ఫోను కోడు మార్చుకున్నాడు. కొత్త కోడు ఇంజనీరుకు చెప్పాడని, తనకేమైనా అయితే మొదట నాకే చెయ్యమని నా నంబరు చూపించాడని చనిపోయాకే తెలిసింది. ఈ రెండింటిలో దేన్ని పట్టుకొని ఏడవాలో నాకిప్పటికీ తెలియడం లేదు.

కమిటీ ఏర్పడింది, ఎక్కువ మంది అలసిపోయి ఒప్పుకున్నారు కాబట్టి. మొదటి శుక్రవారమే మా ముందుకు ఒకామె వచ్చింది. కడప వైపు, ఇళ్ళలో పనిచేసే మనిషి. మామా అని పిలిచే యజమానురాలి ఇల్లు వదిలి వచ్చేసింది. అలా వచ్చేసిన మనిషిని దగ్గరికి తీస్తే పోలీసు కేసు మా మీదికి వస్తుందని అందరికీ తెలుసు. ఇరవై మందిమి నేల మీద కూర్చున్నాం, ఆమె తలుపు దగ్గర నిలబడే మాట్లాడింది.

"మామా చెడ్డది కాదు సార్. కొట్టలేదు, తిట్టలేదు. మా అమ్మకు బాగలేదు, కాంట్రాక్టు అయిపోయింది, ఇంటికి పోతానంటే బుక్రా, బుక్రా అంటాది. రేపు రేపు అని ఏడు నెలలాయె. పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకునింది. నాకు గొడవ వద్దు సార్. మా అమ్మను సూడాల, అంతే."

మా పార్టీ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఏ ఊరమ్మా మీది?"

చిన్నాయన వెంటనే అందుకున్నాడు. "ఊరు అడుగుప్పా, తప్పులేదు. ఊరు చెప్పినాక ఏమి అడగబోతాండావో, అది మాత్రం అడగాకు."

ఆమె ఊరు చెప్పింది. ఆ ఊరు ఏ పార్టీదో గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. నేను మా పెద్ద ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశాడు. పార్టీ మాట ఎవరూ ఎత్తలేదు. చేతులెత్తమంటే మొదట జగిత్యాల అన్న ఎత్తాడు. "ఎవలదైతేంది, తల్లే గదా" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే. మా పెద్ద అందరికంటే చివర ఎత్తాడు, మోచేయి దాకా.

ఆమె మెట్లు దిగి వెళుతుంటే చిన్నాయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె రోడ్డు దాటి, బస్సు ఎక్కే దాకా చూశాడు. ఆమె వెనక ఎవరూ వెళ్ళలేదు. అప్పుడు వచ్చి కూర్చున్నాడు. మర్నాడు జగిత్యాల అన్నా నేనూ ఆమెను ఎంబసీకి తీసుకెళ్ళాం. ఐదు వారాలకు కాగితాలు అయ్యాయి. తల్లి బతికి ఉండగానే ఊరు చేరింది.

ఆ కమిటీ ఏమంత గొప్పగా నడిచిందని చెప్పను. ఎవరు ఏ పార్టీయో మాకు తెలుస్తూనే ఉంది, గుసగుసలు ఆగలేదు. పైకి అనడానికి మాత్రం సిగ్గు పుట్టింది. ఒకసారి ఇదేం మార్పు చిన్నాయనా, లోపల అందరూ అట్లనే ఉన్నారు కదా అన్నాను. "లోపల ఏమున్నా ఉండనీరా. నోటికి రానీకుండా ఆపినావంటే చెయ్యి కూడా రోంత ఆగుతాది" అన్నాడు. ఆ మాట మీద కూడా ఆయనకు పూర్తి నమ్మకం ఉన్నట్టు అనిపించలేదు.

ఆయన పోయిన సాయంత్రానికే ఫోన్లలో రెండు పోస్టర్లు తిరిగాయి. రెండింటిలోనూ ఆయనే, ఇఖామా కోసం దిగిన పాత ఫోటో. ఒకదాంట్లో మెడలో ఒక రంగు కండువా అతికించారు, రెండోదాంట్లో ఇంకో రంగు. మా పార్టీ సైనికుడికి జోహార్లు అని రెండు పార్టీలూ రాసుకున్నాయి. ఒకటి మా పెద్ద పెట్టించిందే. తీసేయమని ఆయనకు ఫోన్ చేశాను. "అయితే ఆయప్ప వాళ్ళ మనిషే అంటావు" అన్నాడు. "ఎవరి మనిషో నాకు తెలియదు. మీరు తేల్చమన్నప్పుడు కూడా తెలియదు" అన్నాను. రెండు పోస్టర్లూ మర్నాటికి పోయాయి. ఎవరు తీయించారో ఇప్పటికీ తెలియదు.

ఆయన శవపేటికను విమానానికి పంపేరోజు కార్గో షెడ్డు దగ్గరికి నలభై మందిమి వెళ్ళాం. ఇంజనీరు కూడా వచ్చాడు, ఎండలో ఒక్కడే నిలబడ్డాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి, పెట్టె లోపలికి వెళ్ళింది, షట్టరు దిగింది. అంతా కార్ల దగ్గరికి వచ్చాం. మా పార్టీ వాళ్ళు ఒకవైపు, అవతలివాళ్ళు ఒకవైపు, నెత్తిన దుమ్ము గాలి. వెళ్ళిపోవచ్చు. కానీ ఎవరూ ముందు బండి ఎక్కలేదు. ముందు వెళ్ళినవాళ్ళ గురించి మిగిలినవాళ్ళు ఏం మాట్లాడుకుంటారోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, తాళంచెవులు చేతుల్లో తిప్పుకుంటూ, అందరం అక్కడే నిలబడిపోయాం. పైన ఒక విమానం సముద్రం వైపు ఒరిగి పోతుంటే, అదేనేమో అని ఎవరో అన్నారు. కాదేమో అని ఇంకెవరో అన్నారు. అది కనిపించకుండా పోయే దాకా నలభై తలలూ అటే తిరిగి ఉన్నాయి.