మా ఆయనకు త్రీ ఫేజు

మా ఆయన వినుకొండ దగ్గర మిరప రైతు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరుకి వాడుతున్న మందు పట్టడం మానేసింది. "ట్రయల్స్ ఏమన్నా ఉన్నాయేమో చూడండమ్మా" అన్నారు డాక్టరు గారు. కొత్త మందుల పరీక్షలన్నీ నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటులో జబ్బు పేరు కొడితే చాంతాడంత పట్టిక వచ్చింది. ఒకటి ఢిల్లీలో, ఇంకోటి మరో రకం క్యాన్సరుకి. చివరికి ఆయన రకానికి సరిపోయేది గుంటూరులోనే దొరికింది. సంబరంగా చదివి వినిపించాను: "ఫేజ్ త్రీ ట్రయల్!"

"నేను రాను."

"ఏందయ్యా, ఎందుకు?"

"త్రీ ఫేజు కరెంటుకి మన బోరు మోటారే కాలిపోయింది. నేనెంతే?"

పెళ్ళాం కరెంటు పెట్టించబోతోందని ఊరంతా చాటాడు. పక్కింటావిడ వచ్చి, రబ్బరు చెప్పులేసి పంపించమని సలహా కూడా ఇచ్చిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ట్రయల్లో చేర్చుకునే గడువు దాటితే మనిషి దక్కడేమోనని ఒకటే భయం.

పురుగుమందుల కొట్టుకని అబద్ధమాడి గుంటూరు బస్సెక్కించాను. అక్కడి డాక్టరమ్మ నవ్వాపుకుని చెప్పింది: "ఫేజంటే దశ అండి. ముందు కొద్దిమందికిచ్చి మందు ప్రమాదం కాదని చూశారు. ఇప్పుడు చాలామందికిచ్చి, పాత మందుతో పోల్చి చూస్తారు. కొత్తదే మేలని ఇంకా తేలలేదు."

మా ఆయన మొహం వెలిగింది. "అదా! విత్తనాల కంపెనీవాళ్ళు కొత్త రకం, పాత రకం పక్కపక్కనే వేస్తారే, అట్టాగా? మరి నేను ఏ సాల్లో ఉంటా?"

"అది కంప్యూటరు చీటీ తీస్తుందండి. పాత సాల్లో పడినా వైద్యం ఆగదు."

"వాళ్ళు చేలో బోర్డు కూడా పాతుతారు. నాకెక్కడ పాతుతారు?"

గట్టిగా గిల్లాను.

డాక్టరమ్మ సంతకం చేయాల్సిన కాగితం చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చట, కారణం కూడా చెప్పక్కర్లేదట.

మా ఆయన నా వైపు తిరిగాడు. "చూశావటే! మన పెళ్ళికి ఇట్టాంటి కాయితం ఒక్కటన్నా ఇచ్చారా?"

"ఇచ్చుంటే మానేసేవాడివా?" అన్నాను. వేళాకోళానికే అన్నాను గానీ, జవాబు కోసం ఆయన మొహమే చూశాను.

ఆయన పెన్ను తీసుకుని తీరిగ్గా సంతకం పెట్టాడు.

"మోటారు తిరిగినంత కాలం ఎందుకు మానేస్తానే, పిచ్చిదానా."