రాని ఐదో పన్ను

మా చిన్నతనంలో పిల్లల నోరు మూయించే పెద్దలే గాని, తెరిపించి చూసేవాళ్ళు ఉండేవాళ్ళు కారు. ఆ కాలం అంతేలే అని సర్దుకుపోవడం నాకు చేతకాదు. యాభై ఏళ్ళు దాటినా నా కోపం అలాగే ఉంది, తేదీలతో సహా.

1974 జూన్ 10, సోమవారం. సత్యవేడులో బడి తెరిచిన రోజు, నాది ఎనిమిదో తరగతి. తల దువ్వుకుంటూ అద్దంలో చూస్తే కుడి దవడ కిందిభాగం ఉబ్బి ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు, నొక్కితే ఎముకలా గట్టిగా తగిలింది. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. కింది వరసలో ఎడమవైపు ఏడు పళ్ళుంటే కుడివైపు ఆరే. మధ్య నుంచి ఐదోది, పాలపన్ను, రెండేళ్ళ కిందట ఊడింది. ఆ చోట మళ్ళీ ఏదీ రాలేదు. ఈ లెక్కంతా అవ్వకు (నాయన వాళ్ళమ్మకు) అప్పజెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి, "గవదబిళ్ళలు" అని తేల్చేసింది.

"జొరం లేదవ్వా. పన్ను గూడా ఒకటి తక్కువుండాది, సూడు."

"పండ్లు లెక్కబెట్టుకునే ఆడబిడ్డను నిన్నే సూస్తా ఉండా. గమ్మునుండు."

మా వైపు గవదలకు మందు బంగారం. అరవదేశం పక్కనే కాబట్టి వాళ్ళ పద్ధతే మాదీ: మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని నమ్మకం. (గవదలు ఏమీ వేయకపోయినా పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం గొలుసుకు.) అవ్వ తన ఒంటిపేట గొలుసు తీసి నాకు వేసింది. వాపు దిగలేదు. "ఇది తేలిక, బరువైంది కావల" అని జూలైలో మేనత్త దగ్గర్నుంచి రెండుపేటల గొలుసు తెప్పించింది. దిగలేదు. ఆగస్టులో మామిడిపిందెల హారం దిగింది. ఏ బంగారం మేలని ఇరుగుపొరుగు అమ్మలక్కలు గంటలకొద్దీ వాదించుకున్నారే గాని, నోరు తెరవమన్నవాళ్ళు ఒక్కరు లేరు. నాయన "అవ్వ సూస్తా ఉండాది గదా" అని అంగడికి పోయేవాడు.

నా మీద కూడా కోపమే. హారంతో బడికి పోతే పక్క బెంచీ పిల్లలు ముట్టుకుని చూసేవాళ్ళు. ఆ పొగరులో ఆగస్టంతా దవడ మాటే ఎత్తలేదు. ముప్పై ఒక్క రోజులు.

సెప్టెంబరులో ఒకనాడు దోసె నములుతుంటే ఆ ఖాళీ పక్కనున్న పన్ను కదిలింది. అప్పుడు భయపడి నాయన, అవ్వ నన్ను బస్సెక్కించి తిరుపతిలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన చెంప ముట్టుకోలేదు. నోరు తెరిపించి, పళ్ళు లెక్కపెట్టాడు.

"ఈడ పన్ను పీకించినారా పాపా?"

"లేదు సార్, రానే లేదు."

నూట ఐదో రోజున నా మాట విన్న మొదటి మనిషి. ఎక్స్‌రేలో ఆ పన్ను ఎముకలోనే ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ నీటితిత్తి ఒకటి పెరిగి, దవడను లోపలి నుంచి తొలిచేస్తోంది. "ఇంకొన్నాళ్ళుంటే అప్పళం కొరికినా దవడ ఇరిగేది" అన్నాడు డాక్టరు. తిత్తికి కోత పెట్టి, నీళ్ళు తీసేసి, గుడ్డ కుక్కాడు. ఆ తర్వాత, నాయన చెప్పిన గొలుసుల కథంతా విని, అవ్వ వైపు తిరిగాడు.

"ఏమ్మా, బుద్ధుండాదా మీకు? మూడు నెలలు నగలు మారుస్తా కూర్చున్నారా? నోట్లో చూడాలని తోచలేదా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తెలీలేదు సామీ, తెలీలేదు" అంటూ ఏడ్చింది.

నేను ఎదురుచూసిన మాటలవి. నేనే రాసిచ్చినట్టున్నాయి. తీరా వింటే ఒళ్ళు మండింది, డాక్టరు మీద. "మా అవ్వనేమీ అనొద్దు" అన్నాను. నోటినిండా గుడ్డ, మూలుగొక్కటే బయటికొచ్చింది. "పాపకు నొప్పిగా ఉండాది, సూది వెయ్యి" అన్నాడాయన నర్సుతో. వేసింది.

దవడ నిలిచింది. పన్ను మరుసటేడు తనంతట తానే పైకొచ్చింది, కాస్త వంకరగా. అవ్వ ఇంకా పదకొండేళ్ళు బతికింది. అన్నేళ్ళూ గొలుసుల సంగతెత్తి ఆమెను దెప్పాను గాని, ఆ రోజు నేనేమన్నానో మాత్రం చెప్పలేదు. అన్నీ లెక్కగా అప్పజెప్పే మనిషిని, ఇదొక్కటి ఎలా మింగేశానో తలచుకుంటే, ఈ వయసులో, నా మీద నాకే కాస్త నవ్వొస్తుంది.