దాలయ్య పంపిన పాదాలు

మా వీధిలో దాలయ్యంత గంభీరంగా నడిచే మనిషి మరొకరు లేరు. కొత్తవాళ్లు చూస్తే ఏ ఊరి మునసబో అనుకునేవారు. నిజానికి అది గాంభీర్యం కాదు, నొప్పి. మడమ కింద మేకు గుచ్చినట్టుంటుందని ఆయన తవిటమ్మ ఒక్కదానికే చెప్పాడు. తవిటమ్మ ఆయన భార్య. ఆవిడకు చెప్పాడు కాబట్టి వీధంతటికీ తెలుసు.

విజయనగరం దగ్గర గోనెసంచుల మిల్లులో దాలయ్యది నేతపని. ఎనిమిది గంటలు మగ్గం ముందు నిలబడాలి. పద్దెనిమిదేళ్లుగా అదే మగ్గం. అది ఎప్పుడు దారం తెంపుతుందో తెలిసినంత బాగా తన అలకలు ఆయనకు తెలియవని తవిటమ్మ ఫిర్యాదు. పందొమ్మిదివందల అరవై ఎనిమిది వేసవిలో దాలయ్య పని మధ్యలో కూలబడటం మొదలైంది. మేస్త్రి నరసింగరావు రెండుసార్లు చూసి ఊరుకున్నాడు. మూడోసారి, "నిలబడలేకపోతే సెప్పీ దాలయ్యా. దసరా దాటేక సంచులు కుట్టేకాడ కూకుందువు గాని. మగ్గం ఇంకొకలికి ఇచ్చీస్తాను" అన్నాడు. దయగానే అన్నాడు. దాలయ్య ఆ పూట అన్నం తినలేదు.

మిల్లు పనివాళ్లకు బీమా ఉంది. దాని కోసం జీతంలో కొంత కోస్తారు. "పన్నెండేళ్లనుంచి కోయించుకుంతన్నాను, ఒక్క దగ్గు మందు తాగనేదు" అని దాలయ్య అదేదో తన గెలుపులా చెప్పుకునేవాడు. ఇప్పుడు తప్పక బీమా డిస్పెన్సరీకి వెళ్లాడు. డాక్టరు జగన్నాధంగారు పాదాలు రెండూ తిప్పి చూసి, అడుగున ఉండవలసిన వంపు బొత్తిగా లేదన్నారు. లోపల తోలు ఎత్తుపెట్టి, ఈ కాలికి సరిపడేలా జోళ్లు కుట్టించాలి. బీమావాళ్లు ఇప్పిస్తారు గాని, ముందు విశాఖపట్నంలో ఎముకల డాక్టరు ఒప్పుకోవాలి. ఆయన చూడటానికి అర్జీతోపాటు రెండు పాదాల అచ్చులు పంపాలి. కాంపౌండరు రెండు తెల్లకాగితాలు, చిన్న సీసాలో నీలం సిరా ఇచ్చి, ఇంటి దగ్గర వేసుకు రమ్మన్నాడు.

ఆ సాయంత్రం జరిగింది తరవాత తవిటమ్మ చెప్పగా విన్నాను. దాలయ్య అరికాలికి సిరా పూసుకుని, ముందు ఒక పాత పేపరు మీద అడుగు వేసి చూశాడు. రొట్టె పడ్డట్టు పడింది.

"ఇది పంపుతామేటే ఇశాకపట్నం?"

"నీ కాలే కదా. మరేటి పంపుతావు?"

"పెద్ద డాక్టర్లు సూస్తారే. నవ్విపోరా?"

మా ఊరి ఫొటో స్టూడియోలో ఒక నల్లకోటు ఉంటుంది. ఏ ఇంటి గోడ చూసినా మగవాళ్లంతా ఆ కోటులోనే ఉంటారు. ఫొటో అంటే అరువు తెచ్చుకునైనా మంచిది వేసుకోవాలి. దాన్ని మోసమని ఎవరూ అనరు. కాగితం మీద పడే పాదానికీ అదే పద్ధతని దాలయ్య అనుకున్నాడు. తవిటమ్మ అన్న ఎర్రన్న భాగవత మేళంలో ఆడవేషం కడతాడు. పారాణి పెట్టి గజ్జె కడితే ఆయన పాదాలు చూడటానికే నాలుగూళ్ల జనం వస్తారు. దాలయ్య ఆయన దగ్గరికి వెళ్లాడు.

"బావా, ఒకపాలి నీ కాళ్లు గావాల."

"ఏటి బావా, పారిపోతన్నావేటి?"

సంగతి విన్నాక ఎర్రన్న మురిసిపోయాడు. చింతపండుతో పాదాలు తోముకుని మరీ అచ్చు వేసి ఇచ్చాడు.

మర్నాడు దాలయ్య ఆ కాగితాలు పట్టుకుని అర్జీ రాయించుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. ఎమ్మే చదివినదాన్ని గనక అర్జీ బాగా రాస్తానని ఆయన నమ్మకం. అచ్చులు చూశాను. మధ్యలో సన్నని నడుములా వంపు, వరుస తప్పని ఐదు వేళ్లు. వంపు లేని పాదమంటే ఇదేనా అని అనుమానం వచ్చింది. కాని మగవాళ్ల పాదాల గురించి ఏమని అడుగుతాను? అర్జీకి గుండుసూదితో గుచ్చి ఇచ్చేశాను. డాక్టరుగారు కూడా మడత విప్పకుండానే సంతకం పెట్టారు.

మూడు వారాలకు జవాబు ఇంగ్లీషులో వచ్చింది. నేనే చదివి చెప్పాను. అర్జీదారు పాదాలు చాలా చక్కగా ఉన్నాయి, ప్రత్యేకమైన జోళ్లు అవసరం లేదు.

దాలయ్య ముఖం వెలిగింది. "బాగున్నాయన్నారా?" తరవాత నెమ్మదిగా, "మరి జోళ్లో?" అన్నాడు.

"ఇవ్వరట."

"మా అన్నకి జోళ్లెందుకు? ఆడు గెంతుతాడు" అంది తవిటమ్మ. "కుంటీది నువ్వు."

దసరా ఇంక ఇరవై రోజులుంది. నిజం చెబితే మోసం కింద కట్టి మిల్లునుంచే గెంటేస్తారని దాలయ్య భయం. సంచులు కుట్టుకుని బతుకుతానన్నాడు. రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నాడు. మూడోనాడు నరసింగరావు, పోతురాజు అనే మరో నేతగాణ్ణి తీసుకొచ్చి మగ్గం చూపించమన్నాడు. పోతురాజు దాని మీద చెయ్యి వేశాడు. దాలయ్య షిఫ్టు దిగాక ఇంటికి రాకుండా తిన్నగా డిస్పెన్సరీకి వెళ్లి అంతా చెప్పేశాడు.

జగన్నాధంగారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఎర్రన్న కాళ్లు బాగుంటాయి, నేనూ చూశాను. నొప్పి ఎవరిదయ్యా?"

"నాదే బాబూ."

"అయితే నీ కాళ్లు పంపు. ఈసారి కాగితం మీద కాదు, నువ్వే తీసుకెళ్లు." ఉత్తరం రాసి ఇచ్చారు.

విశాఖపట్నంలో ఎముకల డాక్టరు ఆయన పాదాలు తడిపించి, వరండాలో ఎర్రసిమెంటు మీద నడవమన్నారు. బెంచీల నిండా జనం. దాలయ్య కళ్లు మూసుకుని నడిచాడు. వెనకనుంచి నవ్వు వినబడలేదు. డాక్టరు పిలిస్తే ఎనిమిదిమంది మెడికల్ విద్యార్థులు వచ్చి ఆ తడి అడుగుల మీద వంగారు. ఇంత స్పష్టంగా కనబడే చదును పాదం మళ్లీ దొరకదు, రాసుకోండి అన్నారాయన. ఒకమ్మాయి బొమ్మ గీసుకుంది. సరిగ్గా కనబడలేదని ఒకరంటే, ఎవరూ చెప్పకుండానే దాలయ్య పంచె ఎత్తిపట్టి ఇంకోసారి నడిచాడు.

"నాలాంటి కాళ్లు ఈ జిల్లాలో నేవంట" అన్నాడు ఇంటికొచ్చి.

"పెళ్లయినకాణ్ణుంచీ నాను సెప్పింది అదే" అంది తవిటమ్మ.

దసరాకు నాలుగు రోజుల ముందు జోళ్లు వచ్చాయి. నల్లగా, బరువుగా, పోలీసువాళ్ల బూట్లలా ఉన్నాయి. తన పాదాలకైతే ఇంకా సొగసుగా కుట్టేవారని ఎర్రన్న కాస్త నొచ్చుకున్నాడు. వాటితో దాలయ్య మొదటిరోజు షిఫ్టు మొత్తం నిలబడ్డాడు. చివరి గంటలో నరసింగరావు వచ్చి, కాసేపు చూసి, పోతురాజుకు వేరే మగ్గం వెతకాలని గొణుక్కుంటూ వెళ్లాడు.

అంతకుముందు మిల్లునుంచి ఇంటికొచ్చేసరికి దాలయ్య దారిలో రెండుచోట్ల కూర్చునేవాడు. తవిటమ్మ ఆ లెక్కనే పొయ్యి వెలిగించేది. ఆవేళ ఆవిడ ఇంకా మా అరుగు మీద కబుర్లాడుతుండగానే ఆయన వీధి మలుపు తిరిగాడు.

"ఇంత బేగి వచ్చీసేవేటి?" అంటూ ఆవిడ కంగారుగా లేచింది. "ఇంకా ఎసరైనా ఎట్టనేదు."