సాలవ్వ మందని చెప్పని గోలీ

ఎల్లారెడ్డిలో బీడీలు చేసే ఆడవాళ్లలో సాలవ్వను ఎరగనివారు లేరు. ఏడో తరగతి పాసైన మనిషి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. పదకొండేళ్లలో ఆమె కట్ట ఒక్కటి కూడా కార్ఖానాలో బాగాలేదని పక్కకు పడలేదు. చిన్ననాటి నుంచి ఉన్న ఫిట్స్‌ను సైతం కామారెడ్డి డాక్టరిచ్చిన గోలీలతో నాలుగేళ్లు దగ్గరికి రానివ్వలేదు.

అట్లాంటిది 1993లో, బిడ్డ తార పుట్టిన మూడో నెలలో, బీడీల చాట ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పడి కొట్టుకుంది. ఆ నెలలోనే మళ్లీ రెండుసార్లు. మొగుడు లింగయ్య మస్కట్‌లో ఉన్నాడు. అత్త ఈరవ్వ పసిదాన్ని ఎత్తుకుని, "పాలిచ్చేటప్పుడు నేను పక్కనుంట. ఒక్కదానివి మాత్రం ఎత్తుకోకు," అంది. ఆ మాట సాలవ్వను ఫిట్స్ కంటే ఎక్కువ భయపెట్టింది. అప్పటినుంచి వేలు కాస్త తిమ్మిరెక్కినా చాట పక్కకు నెట్టి గోడకు ఆనుకునేది.

అత్తను వెంటబెట్టుకుని కామారెడ్డికి పోతే, ఆ ఫిట్స్ గోలీలిచ్చిన డాక్టర్ జహూర్ అడిగాడు.

"గోలీలు తప్పినవా?"

"ఒక్క పూట తప్పలే సార్."

"వేరే మందులేమన్న మింగుతున్నవా?"

"ఏం లెవ్వు."

అంటుండగానే తుమ్ములు పట్టుకున్నాయి. సాలవ్వ కొంగుముడి విప్పి ఒక గోలీ నోట్లో వేసుకుంది.

"మరి అదేంది?"

"ఇది మందు కాదు సార్, జలుబు గోలి. పొగాకు దుమ్ముకు తుమ్ములొస్తయి గద. మా వాడకట్టుల అందరి చాటలల్ల ఉంటది. ఇదివరకు ఎప్పుడన్న ఒకటి. కాన్పయినంక తుమ్ములెక్కువైనయి, రోజుకు మూడు మింగుతున్న."

జహూర్ కలం కింద పెట్టాడు. "ఒంట్ల హిస్టమిన్ అని ఒకటుంటది. ముక్కుల తుమ్ములు తెచ్చేది అదే. మెదడుల మాత్రం అది మనిషిని మెలుకువగ ఉంచుతది, ఫిట్స్‌ను అదుపుల పెట్టెతందుకు సాయం చేస్తదని ఇప్పుడిప్పుడే రాస్తున్నరు. నీ గోలి ముక్కుల ఒక్కదగ్గరనే ఆగదు, మెదడుకెక్కి ఆడ గూడ దాన్ని అడ్డుకుంటది. ఇదే కారణమని గట్టిగ చెప్పలేను గని, బంద్ చెయ్యి. ఫిట్స్ గోలీలు మాత్రం ఆపకు."

"ఏడు క్లాసులు చదివినవు, ఒక్క గోలి సంగతి చెప్పరాకపాయె," అంది ఈరవ్వ.

"దుకాణంల తెచ్చిచ్చింది నువ్వే గద అత్తా."

ఈరవ్వ గబగబా ఎల్లారెడ్డి బస్సు దిక్కు నడిచింది.

ఆ తరువాత సాలవ్వ ముక్కుకు గుడ్డ కట్టుకుని బీడీలు చేసింది. పక్కింటి గులాబ్ బీ గోలీ ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. తుమ్ము వచ్చినప్పుడల్లా, వెనకాలే ఇంకేమొస్తుందోనని అత్తాకోడళ్లిద్దరూ బిగుసుకుపోయేవారు. రెండు నెలలు గడిచాయి. ఫిట్స్ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఈరవ్వ తారను తెచ్చి సాలవ్వ ఒళ్లో పెట్టింది. నీళ్లు పట్టుకొస్తానని గడప దాకా పోయి అక్కడే నిలబడిపోయింది.

"పో అత్తా," అంది సాలవ్వ. "గోడకానుకొనే కూసున్న."

ఈరవ్వ బిందె ఎత్తుకుని గడప దాటింది.